మైక్రాన్ల లోకంలో సంఘబలం

ఒక చేత్తో చప్పట్లు మోగవన్నది మనమందరం చిన్ననాటి నుండి వింటున్న మాటే. కుటుంబానికీ, గ్రామానికీ, కార్మికలోకానికీ ఈ మాట ఎంతగా వర్తిస్తుందో మనకు అనుభవపూర్వకంగా తెలుసు. కాని మిల్లీమీటరులో వెయ్యోవంతు తేడా వస్తే సరుకు తిరిగిపోయే సూక్ష్మయంత్ర పరిశ్రమకు కూడా ఇది అక్షరాలా వర్తిస్తుందని నాకు బోధపడటానికి చాలా కాలం పట్టింది. తనిఖీ విభాగంలోను, ఆ తరువాత సరఫరాదారుల అభివృద్ధి విభాగంలోను పనిచేసిన కాలంలో నాకు ఎదురైన ఒక అనుభవాన్నీ, దాని నుండి నేను నేర్చుకున్న విషయాలనూ పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మన సంస్థ ముఖద్వారం వద్ద ఏ ఉదయమైనా కాసేపు నిలబడితే, నూనె పూసిన విడిభాగాలను చెక్కపెట్టెలలో సర్దుకొని వరుసలో నిలిచిన ఆటో ట్రాలీలు కనిపిస్తాయి. బుష్‌లు, రింగులు, ఫ్లాంజ్‌లు, చిన్న షాఫ్టులు – మనం సగర్వంగా పంపే భారీ యంత్రాలలో ఒదిగిపోయే ఈ భాగాలలో పెక్కు, ఎనిమిది పది మంది పనిచేసే రేకుల షెడ్డులలో తయారైనవే. ఆ షెడ్డుల యజమానులలో మన వద్ద అప్రెంటిస్‌లుగా శిక్షణ పొందినవారున్నారు. పదవీ విరమణ చేసిన మన సహోద్యోగులున్నారు. మన టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన పిల్లలున్నారు. కనుక ఈ విషయం పర్చేజ్ విభాగానికి మాత్రమే పరిమితమైనది కాదు. మన ఇళ్లకు సంబంధించినది కూడా.

నలభై రింగుల కథ

ఆరేడు సంవత్సరాల క్రితం మాట. మే నెల. నగర శివార్లలోని ఒక పారిశ్రామికవాడ నుండి నలభై అల్యూమినియం రింగులు తనిఖీకి వచ్చాయి. బయటి వ్యాసం 100 మిల్లీమీటర్లు. డ్రాయింగు ప్రకారం అది పూర్తి కొలత నుండి 22 మైక్రాన్లు తక్కువ వరకు ఉండవచ్చు. అంతకు మించి తగ్గరాదు, 100కు మించి పెరగనూ రాదు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే, ఆ కుర్రవాడికి మనం ఇచ్చిన వెసులుబాటు అందులో మూడోవంతుకు లోపే.

మన స్టాండర్డ్స్ రూములో కొలిచినప్పుడు నలభై రింగులూ కనీస పరిమితి కంటే ఇంచుమించు 10 మైక్రాన్లు తక్కువగా తేలాయి. నివేదికలో ‘అండర్‌సైజ్’ అని ఒకే ఒక్క మాట వ్రాసి సంతకం చేశాను.

మరునాడు ఆ దుకాణం యజమాని వచ్చాడు. ఐ.టి.ఐ. చదివి, మన ట్రైనింగ్ సెంటర్‌లోనే అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినవాడు. బ్యాంకు అప్పుతో ఒక సి.ఎన్.సి. లేత్ కొని, ఆరుగురు పనివారిని పెట్టుకొని సొంతంగా షెడ్డు నడుపుతున్నాడు. “సార్, ప్రతి రింగూ నేనే స్వయంగా కొలిచాను. నా మైక్రోమీటరులో అన్నీ పరిమితికి సరిగ్గా మధ్యలో ఉన్నాయి. అబద్ధమాడితే మీరేమైనా అనండి” అన్నాడు. అతని మైక్రోమీటరును మా స్లిప్ గేజిలపై పరీక్షించాము. దానిలో లోపమేమీ లేదు. కొలసాధనం సరైనదే, మనిషి నిజాయితీపరుడే, అయినా రింగులు మాత్రం తక్కువ! ఆనాడు నా బల్లపై మరి పన్నెండు లాట్లు వేచి ఉన్నాయి. “కొలత కొలతే కదయ్యా” అని చెప్పి పంపివేశాను. పెద్ద సంస్థ చేసే సంతకానికి కారణం చెప్పవలసిన పనిలేదని నాకు తెలియకుండానే అనుకున్నాను కాబోలు.

అతడు తన పారిశ్రామికవాడ సంఘంలో సభ్యుడు కాదు. అంతకుముందు ఒకసారి నేను ప్రస్తావిస్తే, “సంఘమంటే ఏడాదికొకసారి శాలువాలు కప్పుకునే సభే కదా సార్! ఆ చందా డబ్బుతో రెండు పెట్టెలు ఇన్‌సర్టులు వస్తాయి” అని నవ్వి ఊరుకున్నాడు. ఈ రింగులు తిరిగివెళ్లిన రోజున మాత్రం, అదే వీధిలో మరో షెడ్డు నడుపుతున్న ఒక పెద్దాయన అతణ్ణి చేయిపట్టుకొని సంఘ కార్యాలయానికి తీసుకువెళ్లాడు. గమనించదగిన విషయమేమిటంటే, ఆ పెద్దాయన కూడా మనకు అటువంటి రింగులే సరఫరా చేసేవాడు. ప్రతి టెండరులోను ఈ యువకునికి పోటీదారు.

సంఘ కార్యాలయం వెనుక ఒక చిన్న గది ఉంది. అందులో ఒక గ్రానైట్ సర్ఫేస్ ప్లేట్, ఒక సెట్టు స్లిప్ గేజిలు, ఒక హైట్ గేజి, రాత్రింబవళ్లు నడిచే ఏ.సి. యంత్రం; అంతే. గది ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. కొలతలన్నింటికీ ప్రపంచమంతటా అంగీకరించిన ప్రామాణిక ఉష్ణోగ్రత అదే. రింగునూ, మైక్రోమీటరునూ రాత్రంతా ఆ గదిలో ఉంచి ఉదయం కొలిచారు. మా నివేదికలో ఉన్న అంకెలే వచ్చాయి.

“తమ్ముడూ, నీ చేయి తప్పు చేయలేదు, నీ మైక్రోమీటరూ తప్పు చేయలేదు. నీ షెడ్డులోని ఎండ చేసింది” అని ఆ పెద్దాయన వివరించాడట. లెక్క కష్టమైనది కాదు. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే 100 మిల్లీమీటర్ల అల్యూమినియం సుమారు 2.3 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. అంతే పొడవున్న ఉక్కు అందులో సగం, అనగా సుమారు 1.15 మైక్రాన్లు మాత్రమే. మే నెలలో రేకుల షెడ్డులో వేడి 38 డిగ్రీలు. ప్రామాణిక ఉష్ణోగ్రతకు 18 డిగ్రీలు ఎక్కువ. అల్యూమినియం రింగు 41 మైక్రాన్లు పెరిగింది, దానిని కొలిచే ఉక్కు 21 మైక్రాన్లు పెరిగింది. కనుక షెడ్డులో రింగు అసలు కంటే 20 మైక్రాన్లకు పైగా పెద్దదిగా కనిపించింది. పరిమితికి నడిమధ్యన ఉందనుకొని తీసిన రింగు, చల్లని గదిలోకి రాగానే పరిమితి దాటి కుంచించుకుపోయింది.

దీనికి షెడ్డంతా ఏ.సి. పెట్టించవలసిన అవసరం లేదు. అదే అల్యూమినియంతో 100 మిల్లీమీటర్ల బిళ్ల ఒకటి తయారుచేసి, దాని అసలు కొలతను సంఘం గదిలో నిర్ధారించుకొని, ఆ బిళ్లను లేత్ పక్కనే ఉంచుకోవాలి. రింగు చల్లారి బిళ్లతో సమానమైన వేడికి వచ్చాక, బిళ్లతో పోల్చి కొలవాలి. రెండూ ఒకే లోహం, రెండూ ఒకే వేడిలో ఉన్నవి గనుక వ్యాకోచం దానంతటదే రద్దయిపోతుంది. ఖర్చు ఒక లోహపు ముక్క మాత్రమే. కాని ఆ ముక్క ఆలోచన తెలియనివాడికి నలభై రింగులు నష్టం. తగ్గిపోయిన లోహాన్ని తిరిగి అతికించలేము గదా! ఆ లాట్ మొత్తం తుక్కు కిందికే పోయింది. ఆ నెల బ్యాంకు వాయిదా చెల్లించడానికి భార్య గాజులు తాకట్టు పెట్టానని అతడు చాలా కాలం తరువాత నాకు చెప్పాడు.

“మీకు పోటీగా ఉన్నవాడికి ఈ రహస్యం ఎందుకు చెప్పారు?” అని అతడు అడిగితే ఆ పెద్దాయన ఇచ్చిన సమాధానం నేటికీ నా మనసులో ఉంది: “నీ సరుకు రెండుసార్లు తిరిగివస్తే వాళ్లు నీ పేరు ఒక్కటే గుర్తుంచుకుంటారా? ఈ వాడలోని షెడ్డులన్నీ ఇంతేననుకుంటారు. రేపు ఆ ఆర్డరు నాకు రాదు, వేరే రాష్ట్రానికి పోతుంది.”

సంఘం యొక్క ప్రయోజనమంతా ఈ రెండు మాటలలోనే ఉందని నా నమ్మకం. చిన్న దుకాణానికి పక్క దుకాణం పోటీదారే. కాని కొనుగోలుదారు దృష్టిలో ఆ రెండింటి పరువూ ఒక్కటే.

పాత సంప్రదాయమే, కొత్త రూపం

వృత్తిదారులు కూడి ఒక సంఘంగా ఏర్పడటం మనకు కొత్త కాదు. బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు స్తూపంలో దొరికిన క్రీస్తుపూర్వపు ధాతుపేటికల శాసనాలలో ‘నిగమ’ సభ్యుల పేర్ల పట్టిక కనిపిస్తుంది. ఆధునిక కాలంలో, మన వృత్తికి సరిగ్గా సరిపోయే ఉదాహరణ అమెరికాలో ఉంది. చిన్న లేత్‌లపై మరలు, పిన్నులు తీసే దుకాణాలవారు తీవ్ర ఆర్థిక మాంద్యం నడుస్తున్న 1933లో తమకంటూ ఒక జాతీయ సంఘాన్ని స్థాపించుకున్నారు. నేడు అది ప్రెసిషన్ మెషీన్డ్ ప్రొడక్ట్స్ అసోసియేషన్ అనే పేరుతో కొనసాగుతున్నది. సభ్యుల అమ్మకాల ధోరణిని ఎవరి పేరూ బయటపడకుండా క్రోడీకరించి, ఒక సూచికగా వారికే అందించడం ఆ సంఘం చేసే పనులలో ఒకటి. తన దుకాణంలో పని తగ్గితే, అది తన లోపమా లేక మార్కెట్టంతా తగ్గిందా అన్నది సభ్యునికి దీనివల్ల తెలుస్తుంది.

మన దేశంలో స్థూలంగా మూడు రకాల సంఘాలు ఉన్నాయి. మొదటిది ఒక పారిశ్రామికవాడలోని అన్ని పరిశ్రమలకూ చెందిన స్థానిక సంఘం. బెంగుళూరులో 1978లో ఏర్పడిన పీణ్య పరిశ్రమల సంఘం ఇటువంటిది. రెండవది ఒక వృత్తికి చెందిన సంఘం. 1946లో ఏర్పడిన భారత మెషీన్ టూల్ తయారీదారుల సంఘం, 1959లో ఏర్పడిన వాహన విడిభాగాల తయారీదారుల సంఘం ఈ కోవలోనివి. మూడవది అన్ని వ్యాపారాలకూ ప్రాతినిధ్యం వహించే వాణిజ్య మండలి. హైదరాబాదులో 1917 నుండి పనిచేస్తున్న మండలి అందరికీ తెలిసినదే. రోడ్డు, కరెంటు, నీరు వంటి సమస్యలకు మొదటిది, సాంకేతిక విషయాలకు రెండవది, ప్రభుత్వ విధానాలకు మూడవది ఉపకరిస్తాయి. చిన్న దుకాణం మొదట చేరవలసినది తన వీధి చివరనున్న సంఘంలోనే.

ఒక్కరు కొనలేనిది పదిమంది కొనవచ్చు

సూక్ష్మయంత్ర పనిలో అసలు ఖర్చు లోహాన్ని కోయడంలో లేదు, కోసినది సరిగా ఉందని రుజువు చేయడంలో ఉంది. కోఆర్డినేట్ మెషరింగ్ మెషీన్ కొనాలన్నా, దానికి తగిన చల్లని గది నిర్వహించాలన్నా, దానిని నడిపే నిపుణునికి జీతమివ్వాలన్నా ఎనిమిది మంది పనివారున్న దుకాణానికి సాధ్యం కాదు. ముప్పై దుకాణాలు కలిస్తే సాధ్యమే.

కోయంబత్తూరు ఇందుకు చక్కని నిదర్శనం. అక్కడి పంపుల, మోటార్ల తయారీదారులు 1952లో దక్షిణ భారత ఇంజనీరింగ్ తయారీదారుల సంఘాన్ని స్థాపించుకున్నారు. ఆ సంఘం చొరవతోనే ‘సిటార్క్’ అనే పరీక్షా పరిశోధన కేంద్రం వెలిసింది. 1969లో అక్కడి చిన్న పరిశ్రమల కోసం ఏర్పడిన ‘కొడీసియా’ సంఘం నేడు సొంత ప్రదర్శనశాలల సముదాయాన్నే నిర్వహిస్తున్నది. ఇటువంటి ఉమ్మడి సౌకర్య కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వపు క్లస్టర్ అభివృద్ధి పథకం కింద ఆర్థిక సహాయం లభిస్తుంది. అయితే ఆ సహాయం ఒంటరి దుకాణానికి రాదు. పరిశ్రమలవారు కలిసి ఏర్పరచుకున్న సంస్థకే వస్తుంది.

శిక్షణ సంగతీ అంతే. హైదరాబాదు బాలానగర్‌లో 1968 నుండి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో డిజైన్, టూలింగ్, కొలత విద్యలలో శిక్షణ ఇస్తున్నారు. తన వద్దనున్న ఇద్దరు పనివారిలో ఒకరిని వారం రోజులు శిక్షణకు పంపితే చిన్న యజమానికి యంత్రం ఆగిపోతుంది. అదే సంఘం ఇరవై మందిని పోగుచేసి, సాయంత్రం వేళ బోధకుణ్ణి వాడకే పిలిపిస్తే యంత్రమూ ఆగదు, చదువూ ఆగదు. గేజిల కాలిబ్రేషన్ విషయంలోనూ ఇదే పద్ధతి. గుర్తింపు పొందిన ప్రయోగశాలవారిని ఏడాదికొకసారి వాడకు రప్పించి అందరి గేజిలనూ ఒకేసారి పరీక్షింపజేస్తే ఒక్కొక్కరికి పడే ఖర్చు తగ్గుతుంది.

చట్టం తెలిసిన తోడు

చిన్న దుకాణానికి గల అతిపెద్ద బాధ మైక్రాన్లు కాదు, బిల్లులు. ఈ విషయంలో మనవంటి పెద్ద సంస్థల ఉద్యోగులు నిజాయితీగా మాట్లాడుకోవాలి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల సరుకును అంగీకరించిన తరువాత, ఒప్పందం ఏదైనప్పటికీ, 45 రోజులు మించకుండా డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలవారీ చక్రవడ్డీ చెల్లించాలి. తగవు వస్తే రాష్ట్రస్థాయి ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయించవచ్చు.

చట్టం ఉన్నంత మాత్రాన సరిపోదు. ఒంటరి దుకాణదారు తన ఏకైక కొనుగోలుదారుపై ఫిర్యాదు చేయడానికి జంకుతాడు. రేపు ఆర్డరు రాదేమోనన్న భయం. సంఘమైతే ఎవరి పేరూ చెప్పకుండా, “మా సభ్యుల బిల్లులు ఫలానా దశలో నిలిచిపోతున్నాయి” అని కొనుగోలుదారు పెద్దలతో మాట్లాడగలదు. నా అనుభవంలో ఇటువంటి సమావేశాలలో తేలిన కారణాలు చాలా చిన్నవి: సరుకు అందిన రశీదు ఒక విభాగంలో ఆగిపోవడం, తనిఖీ నివేదిక మరో విభాగానికి చేరకపోవడం. ఒక్కరు అడిగినప్పుడు వినిపించని మాట ముప్పై మంది తరఫున అడిగినప్పుడు వినిపించింది.

చట్టం ఇచ్చే రక్షణ అందాలంటే ‘ఉద్యమ్’ నమోదు అవసరమనీ, దానిని ఆర్డరు తీసుకోకముందే చేయించుకోవడం క్షేమమనీ కొత్తవారికి చెప్పేది కూడా సంఘమే. 2012 నుండి అమలులో ఉన్న ప్రభుత్వ కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు తమ కొనుగోళ్లలో నిర్ణీత భాగాన్ని సూక్ష్మ, చిన్న సంస్థల నుండి తీసుకోవాలి. మొదట 20 శాతంగా ఉన్న ఈ వాటాను 2018లో 25 శాతానికి పెంచారు. ఈ సంస్థలకు టెండరు పత్రాలు ఉచితం, ధరావతు నుండి మినహాయింపు కూడా ఉంది. బిల్లులపై ముందుగానే సొమ్ము పొందే ‘ట్రెడ్స్’ అనే ఎలక్ట్రానిక్ వేదికలు కూడా వచ్చాయి. ఇవన్నీ గెజిట్‌లో అచ్చయిన విషయాలే. కాని ఉదయం నుండి రాత్రి వరకు లేత్ ముందు నిలబడేవాడు గెజిట్ ఎప్పుడు చదవగలడు?

కొన్ని హెచ్చరికలు

సంఘంలో చేరినంత మాత్రాన సమస్త సమస్యలూ తీరిపోతాయని చెప్పడం నా ఉద్దేశం కాదు. చందా కట్టి, సర్టిఫికెట్టును గోడకు తగిలించి, సమావేశాలకు వెళ్లనివాడికి దక్కేది ఆ గాజు ఫ్రేమే. కొన్ని సంఘాలు పదవుల పోటీలతోనే కాలం గడుపుతాయన్నది కూడా కాదనలేని సత్యం. కనుక చేరబోయేవారు మూడు ప్రశ్నలు వేయడం మంచిది: గత సంవత్సరంలో ఎన్ని సాంకేతిక సమావేశాలు జరిగాయి? సభ్యులందరికీ అందుబాటులో ఉన్న ఉమ్మడి సౌకర్యమేది? లెక్కలు సభ్యుల ముందు ఉంచుతున్నారా?

మరొక ముఖ్యమైన హెచ్చరిక. సభ్యులు కూడి ధరలు నిర్ణయించుకోవడం, టెండర్లు పంచుకోవడం 2002 నాటి పోటీ చట్టం ప్రకారం నేరపూరితం కాకపోయినా నిషిద్ధం. భారీ జరిమానాలకు దారితీస్తుంది. విద్యను పంచుకోవచ్చు, కొలసాధనాలను పంచుకోవచ్చు, కష్టసుఖాలను పంచుకోవచ్చు. ధరను మాత్రం ఎవరి లెక్క వారే వేసుకోవాలి. ఈ గీత దాటని సంఘానికే గౌరవం నిలుస్తుంది.

మనం చేయగలిగినది

ఆ యువకుడు సంఘంలో చేరాడు. ఆ సంవత్సరపు చందా, తిరస్కరించబడిన నాలుగు రింగుల లోహం ఖరీదుకు మించలేదని తానే లెక్క చెప్పాడు. తరువాతి లాట్ నలభైకి నలభై రింగులూ అంగీకారం పొందాయి. నేడు అతడే ఆ సంఘపు సాంకేతిక ఉపసంఘంలో ఉన్నాడు. వేసవి రాకముందే కొత్త సభ్యులకు ఉష్ణోగ్రత లెక్క నేర్పుతున్నాడు.

ఇందులో నా వంతు పాఠం కూడా ఒకటి ఉంది. ‘అండర్‌సైజ్’ అనే నా ఒక్క మాటకు బదులు, కొలిచిన అంకెలనూ, కొలిచినప్పటి ఉష్ణోగ్రతనూ వ్రాసి పంపి ఉంటే అతడు ఆ రహస్యాన్ని తానే ఛేదించి ఉండేవాడేమో. ఆ తరువాత మా విభాగపు నివేదికలో ఆ రెండింటికీ గడులు చేర్చాము. సంఘంవారు ఏర్పాటుచేసే సాయంకాలపు సమావేశాలకు మా ఇంజనీర్లు వంతులవారీగా వెళుతున్నారు. తిరస్కరించిన సరుకుకు కారణం చెప్పడం దయ కాదు, మంచి తనిఖీలో భాగం.

మన సహోద్యోగులలో పదవీ విరమణ తరువాత చిన్న దుకాణం పెట్టాలని ఆలోచిస్తున్నవారికీ, పిల్లలను ఆ దారిలో పంపదలచినవారికీ నా మనవి ఒక్కటే. యంత్రానికి అప్పు తీసుకొనే ముందు, ఆ వాడలోని సంఘానికి వెళ్లి ఒక సాయంత్రం కూర్చోండి. అక్కడ మీ పోటీదారులు ఒకరికొకరు ఏమి చెప్పుకుంటున్నారో వినండి. మీరు ఒంటరిగా పనిచేయబోతున్నారా, పదిమంది మధ్య పనిచేయబోతున్నారా అన్నది అక్కడే తెలిసిపోతుంది.